గాలిలో బొమ్మ కనిపించాలంటే: ఇంట్లో పొగమంచు తెర కట్టే పద్ధతి

పాత సినిమా హాళ్లలో నేల టికెట్‌కి కూర్చున్నవాళ్లకి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. వెనక గోడలోని చిన్న కిటికీ నుంచి తెర దాకా తలల మీదుగా ఒక వెలుగు చార సాగేది. ఎవరో కాల్చిన బీడీ పొగ అందులోకి లేచినప్పుడల్లా ఆ చార మెరిసేది, పొగ పోగానే సన్నబడేది. మనం చేయబోయే పనికి మూలం అదే. వెలుతురు ఏదో ఒకదానికి తగిలి మన కంటివైపు చెదిరితేనే కనిపిస్తుంది. ఖాళీ గాలిలో బొమ్మ ఆగదు. కాబట్టి చెయ్యి పెడితే ఏమీ తగలనంత పలచగా, వెలుతురు మాత్రం తగిలేంత చిక్కగా ఉండేది ఏదైనా గాలిలో పరచాలి. ఇంట్లో చేసుకోవడానికి అన్నిటికంటే వీలైనది నీటి తుంపర.

ఇది కొత్త ఆలోచన కాదు. 1798లో పారిస్‌లో రాబర్ట్‌సన్ అనే ప్రదర్శకుడు దీపపు లాంతరుతో పొగ మీదికి దెయ్యాల బొమ్మలు వేసి జనాన్ని హడలగొట్టాడు. 2000 తర్వాత ఫిన్లాండ్‌లోని టాంపెరెలో ఇస్మో రక్కోలాయినెన్, కర్రి పాలోవువోరి అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని మనిషి నడిచి దాటగలిగే తెరగా మలిచారు. దాని పేరు ఫాగ్‌స్క్రీన్. వాళ్లు పట్టుకున్న కిటుకు ఒక్కటే: పొగమంచుకి రెండు వైపులా శుభ్రమైన గాలిని అదే వేగంతో, చెదరకుండా జారవిడవడం. మనం కట్టబోయేది దాని చిన్న రూపం. దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు తెర.

మొదలుపెట్టేముందు ఒక మాట. యూట్యూబ్‌లో ఫోన్ మీద ప్లాస్టిక్ పిరమిడ్ పెట్టి హోలోగ్రామ్ అని చూపిస్తుంటారు. అది ప్లాస్టిక్ పలకలో పడే ప్రతిబింబం మాత్రమే, చెయ్యి పెడితే పలక తగులుతుంది. నిజంగా ఏమీ పరచకుండా గాలిలోనే చుక్కలు వెలిగించే పద్ధతి కూడా ఉంది. 2006లో జపాన్‌లో బలమైన లేజర్ పల్స్‌లని ఒక బిందువు దగ్గర కేంద్రీకరించి, అక్కడి గాలినే ప్లాస్మాగా, అంటే విద్యుదావేశమున్న వేడి వాయువుగా మార్చి వెలిగించి చూపించారు. అది ప్రయోగశాల పని. ఇంట్లో దాని జోలికి పోవద్దు.

ముందు ఒక బేసిన్, ఒక టార్చి

సామాను అంతా కొనకముందే ఒక సాయంత్రం ఈ చిన్న పరీక్ష చేయండి. ఒక మిస్ట్ మేకర్ కొనండి. ఫౌంటెన్లలో, అక్వేరియంలలో పెట్టే గుండ్రటి బిళ్ల అది, ఆన్‌లైన్‌లో ఫాగర్ అని కూడా అమ్ముతారు. హైదరాబాద్ వాళ్లయితే కోఠీ గుజరాతీ గల్లీలో అడగొచ్చు. లోపల ఉండే సిరామిక్ డిస్క్ సెకనుకి దాదాపు 17 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి నీటి పైపొర కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్కలుగా విడిపోతుంది. స్టీలు బేసిన్‌లో నీళ్లు పోసి అందులో పెట్టండి. డిస్క్ మీద 2 నుంచి 4 సెంటీమీటర్ల నీళ్లు ఉండాలి. ఎక్కువైతే మంచు తగ్గిపోతుంది, నీళ్లు అయిపోతే డిస్క్ మాడిపోతుంది.

గది చీకటి చేసి ఆ మంచు మీదికి ఫోన్ టార్చి వేయండి. ముందు టార్చి పక్కనే నిలబడి చూడండి. మంచు ఏదో మసక తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు టార్చిని అక్కడే ఉంచి మంచుకి అవతలి వైపు వెళ్లండి, వెలుతురు మీవైపు వస్తుండాలి. అదే మంచు ఒక్కసారిగా భగ్గున వెలుగుతుంది. ఇంత చిన్న చుక్కలు తమ మీద పడ్డ వెలుతురులో ఎక్కువ భాగాన్ని ముందుకే, అది వెళ్లే దిశలోనే చెదరగొడతాయి. అందుకే మన ప్రొజెక్టర్ తెరకి వెనక ఉండాలి, చూసేవాళ్లు ముందు ఉండాలి. మామూలు తెరలాగా ముందునుంచి బొమ్మ వేసి, ఏమీ కనపడటం లేదని వదిలేసినవాళ్లు చాలామంది. ఈ పరీక్ష చేసినవాళ్లు ఆ పొరపాటు చేయరు.

కావలసినవి

మూడు డిస్కులున్న మిస్ట్ మేకర్, దాంతోపాటు వచ్చే అడాప్టర్. వేరే అడాప్టర్ కలపొద్దు. మూతతో సహా 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు: 120 మిల్లీమీటర్లవి నాలుగు, 80 మిల్లీమీటర్లది ఒకటి. వాటికి 12 వోల్టుల అడాప్టర్, వేగం తగ్గించడానికి రెండు చిన్న రెగ్యులేటర్లు. 3 అంగుళాల పీవీసీ పైపు, ఎల్బోలు. పలచటి స్పాంజి షీట్. నల్లగుడ్డ నాలుగైదు మీటర్లు. అన్నిటికంటే ముఖ్యమైనది సన్‌ప్యాక్ షీట్.

సన్‌ప్యాక్ అంటే పోస్టర్లు అతికించే ఆ గుల్ల ప్లాస్టిక్ అట్ట. అడ్డంగా కోస్తే లోపల వరసగా చిన్న చిన్న చదరపు గొట్టాలు కనిపిస్తాయి. విదేశీ వీడియోల్లో గాలిని తిన్నగా దింపే ఈ పనికి వందలకొద్దీ ప్లాస్టిక్ స్ట్రాలు వాడమంటారు. మన దేశంలో 2022 జులై 1 నుంచి వాటి అమ్మకం నిషేధం. కాగితం స్ట్రాలు మంచు తగిలి పది నిమిషాల్లో మెత్తబడిపోతాయి. సన్‌ప్యాక్ తడవదు, పైగా దాని గొట్టాలు స్ట్రా కంటే సన్నం, కాబట్టి గాలిని ఇంకా బాగా క్రమంలో పెడతాయి. ఫ్లెక్స్ షాపులో అడిగితే పాత ముక్కలు ఊరికే ఇచ్చేస్తారు.

గాలి పెట్టె

నేను ఇందులో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పాలంటే, బొమ్మ బాగా రావడం ప్రొజెక్టర్ చేతిలో కంటే గాలి చేతిలోనే ఎక్కువ ఉంది. ఖరీదైన ప్రొజెక్టర్ తెచ్చి చిరిగిన మంచు మీద వేస్తే చిరిగిన బొమ్మే వస్తుంది. కాబట్టి మీ టైమ్‌లో ముప్పావు వంతు ఈ పెట్టె మీదే పెట్టండి.

3 మిల్లీమీటర్ల సన్‌ప్యాక్‌ని 60 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు పట్టీలుగా కోయండి. గొట్టాలు 10 సెంటీమీటర్ల వైపు, అంటే పైనుంచి కిందికి ఉండాలి. కోసేటప్పుడు కొత్త బ్లేడు వాడండి. మొండి బ్లేడుతో కోస్తే గొట్టాల నోళ్లు నలిగి మూసుకుపోతాయి. కోసిన ప్రతి పట్టీనీ కంటికి ఎదురుగా పెట్టి కిటికీ వైపు చూడండి, గొట్టాల్లోంచి వెలుతురు చుక్కలు వరసగా కనపడాలి. ఒక చివర నల్లగా ఉంటే ఆ పట్టీ పక్కన పడేయండి. మొత్తం 29 పట్టీలు కావాలి. మూడు పట్టీలు కలిపి మధ్య కట్ట, పదమూడేసి పట్టీలతో పక్క కట్టలు రెండు. మధ్య దాంట్లోంచి మంచు దిగుతుంది, పక్కవాటిలోంచి శుభ్రమైన గాలి. సన్‌ప్యాక్‌కి ఫెవిక్విక్ అంటదు, ఫెవికాల్ అసలే అంటదు. డబుల్ టేప్ వేసి కట్ట చుట్టూ బ్రౌన్ టేప్ బిగించండి.

ఈ మూడు కట్టలనీ పక్కపక్కన ఆనించి, వాటి మీద మూడు గదుల పెట్టె కట్టండి. గోడలకి కూడా సన్‌ప్యాకే చాలు. పక్క గదులు 4 సెంటీమీటర్ల వెడల్పే కాబట్టి ఫ్యాన్లు పట్టడానికి పైకి పోయేకొద్దీ బయటివైపు విప్పారేలా కట్టాలి. మధ్య గదిని కూడా మంచు పైపు పట్టేలా పైన వెడల్పు చేయాలి. ఒక్కో పక్క గది పైకప్పులో రెండేసి 120 ఫ్యాన్లు, గాలి కిందికి కొట్టేలా. ఫ్యాన్‌కీ కట్టకీ మధ్య కనీసం 15 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, ఆ ఖాళీలో సగం ఎత్తున స్పాంజి షీట్ అడ్డంగా పరచండి. ఫ్యాన్ గాలి గిరగిర తిరుగుతూ వస్తుంది. స్పాంజి ఆ తిరుగుడుని చంపుతుంది, గొట్టాలు మిగిలినదాన్ని దువ్వెనతో దువ్వినట్టు నిలువు పోగులుగా చేస్తాయి.

మధ్య గదికి ఫ్యాన్ పెట్టొద్దు. మంచు ఫ్యాన్ రెక్కలకి తగిలితే నీళ్లయి కారిపోతుంది. బకెట్ మూతకి రెండు రంధ్రాలు చేసి, ఒకదాని మీద 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలిని బకెట్ లోపలికి కొట్టేలా బిగించండి. రెండోదాంట్లోంచి పైపు పెట్టండి. లోపలికి వెళ్లిన గాలే మంచుని పైపులోకి తోస్తుంది, ఫ్యాన్ పొడిగా ఉంటుంది. పైపు మధ్య గది నడుమకి చేరాక అడ్డంగా రెండు వైపులా సాగాలి, దానికి పైవైపున వరసగా రంధ్రాలుండాలి. మంచు పైకి లేచి కప్పుకి తగిలి పరుచుకుని, తర్వాత సమానంగా దిగుతుంది. కిందివైపు రంధ్రాలు చేస్తే తెర చారలు చారలుగా వస్తుంది.

పైపులో, పెట్టెలో కొంత మంచు నీళ్లయి పేరుకుంటుంది. ఆ నీళ్లు గొట్టాల్లోంచి చుక్కలుగా పడితే బొమ్మ మధ్యలో మెరుపు గీతలు కనిపిస్తాయి. అందుకే మధ్య కట్టని పెట్టె అడుగు కంటే ఒక సెంటీమీటరు పైకి పొడుచుకు వచ్చేలా నిలపండి. పెట్టెని ఒక పక్కకి కొద్దిగా వాల్చి ఆ మూల చిన్న గొట్టంతో నీళ్లు బయటికి తీయండి. బకెట్ పెట్టె కంటే కాస్త కిందుగా ఉంటే పైపులోని నీళ్లు వాటంతటవే వెనక్కి పోతాయి.

పెట్టెని రెండు స్టాండ్ల మీద గానీ గుమ్మానికి గానీ బిగించండి, పెట్టె అడుగు భాగం కూర్చున్న మనిషి తల కంటే పైన ఉండేలా.

అగరుబత్తి పరీక్ష

మిస్ట్ మేకర్ వేయకముందే పక్క ఫ్యాన్లు మాత్రం ఆన్ చేయండి. ఒక అగరుబత్తి వెలిగించి కట్ట కింది నోటి దగ్గర పట్టుకోండి. పొగ మామూలుగా పైకి లేవాలి కదా, ఇప్పుడు కిందికి దారం లాగినట్టు దిగాలి. ఒక జానెడు దూరం తిన్నగా దిగి, ఆ తర్వాత వణికి విడిపోతే మీ తెర జానెడే నిలుస్తుంది. వేగం కొద్దికొద్దిగా మార్చుతూ ఎక్కడ ఎక్కువ దూరం తిన్నగా వస్తుందో చూడండి. వేగం పెంచితే తెర గట్టిపడుతుందని అనిపిస్తుంది, ఒక హద్దు దాటాక గాలి తనలో తాను సుడులు తిరుగుతుంది. నా పెట్టెకి ఫ్యాన్లు సగం వేగం దగ్గర బాగా కుదిరాయి. అగరుబత్తిని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా జరపండి. ఒకచోట పొగ పక్కకి ఒరిగితే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయనో, టేప్ ఊడి గాలి కారుతుందనో అర్థం.

తర్వాత మంచు వదలండి. ఇప్పుడు తెరని ఎదురుగా కాకుండా అంచు వైపు నుంచి, పక్కగా టార్చి వేసి చూడండి. సన్నటి తెల్లటి గీత కనపడాలి. గీత అంచులు పీచులు పీచులుగా చిరుగుతుంటే పక్క గాలి వేగం ఎక్కువైంది. గీత మధ్యలో ఉబ్బి లావెక్కుతుంటే మంచు వేగం ఎక్కువైంది, బకెట్ ఫ్యాన్ తగ్గించండి. తెర ఎంత సన్నగా ఉంటే బొమ్మ అంత స్పష్టం. నాలుగు వేళ్ల మందం అయిందంటే బొమ్మ అంచులు అలికేసినట్టు అవుతాయి.

సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఏసీ ఆపాలి. తలుపు కింద సందుకి గుడ్డ కుక్కాలి. మొదటి ఏడాది నేను దీన్ని మా వీధి వినాయక మండపంలో పెట్టాలని సరదాపడ్డాను. మూడు వైపులా తెరిచి ఉన్న షామియానా, పక్కన జనానికి పెట్టిన పెడస్టల్ ఫ్యాన్. మంచు పెట్టెలోంచి బయటికి రాగానే గుంపుగా పక్కకి కొట్టుకుపోయింది. రాత్రి పది దాకా టెన్షన్ పడి ఆపేశాను. మర్నాడు పక్కనున్న కమ్యూనిటీ హాల్లో తలుపులేసి పెడితే, అదే పెట్టె, అదే మంచు, మూరెడు ఎత్తు తెర నిలబడింది.

వాతావరణం కూడా చూడండి

25 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 23 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టుకోగలదు. 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు. గాలి పొడిగా ఉంటే మీరు వదిలిన మంచులో పెద్ద భాగాన్ని ముందు అది తాగేస్తుంది, మిగిలినదే కంటికి కనిపిస్తుంది. అందుకే మే నెల మధ్యాహ్నం కరీంనగర్‌లో ఒక డిస్క్ పెడితే తెర జానెడు దిగకముందే మాయమవుతుంది. వర్షాకాలంలో కాకినాడలో అదే డిస్క్ దట్టంగా పోస్తుంది. మూడు డిస్కులది కొనమన్నది ఇందుకే. ఎండాకాలమైతే రాత్రిపూట పెట్టుకోండి, పెట్టేముందు నేల తడిగుడ్డతో తుడవండి, గదిలో తేమ పెరుగుతుంది.

ప్రొజెక్టర్, బొమ్మ

ప్రొజెక్టర్‌ని తెర వెనక మీటరు, మీటరున్నర దూరంలో, నేల మీద కాస్త పైకి వాల్చి పెట్టండి. కిరణాలు తెర దాటి చూసేవాళ్ల తలల మీదుగా పోవాలి. సరిగ్గా ఎదురుగా పెడితే బొమ్మ అన్నిటికంటే కాంతివంతంగా వస్తుంది కానీ, లెన్స్ వెలుతురు నేరుగా కళ్లలో గుచ్చుకుంటుంది. మరీ వాలిస్తే బొమ్మ మసకబడుతుంది. 15 నుంచి 20 డిగ్రీల వాలు మంచి రాజీ. కిరణాలకి అడ్డం రాకుండా ప్రొజెక్టర్ ముందు నల్లగుడ్డ కట్టి, చూసేవాళ్లకి లెన్స్ కనపడకుండా చేయండి.

మంచు మీద ఫోకస్ చేయడం కుదరదు, అది ఒక్కచోట నిలవదు. తెర ఉండాల్సిన చోట ఒక తెల్ల అట్ట నిలబెట్టి దాని మీద ఫోకస్ చేసి, అట్ట తీసేయండి. మెనూలో రియర్ ప్రొజెక్షన్ ఎంచుకోండి, లేకపోతే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. ప్రొజెక్టర్ బొమ్మ మన తెర కంటే పెద్దగా పడితే వీడియోలోనే బొమ్మని మధ్యలో చిన్నగా పెట్టి చుట్టూ నలుపు వదలండి.

నలుపే ఇక్కడ అసలు రంగు. నలుపు ఉన్నచోట వెలుతురు పడదు, కాబట్టి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది, బొమ్మ గాలిలో తేలుతున్నట్టు అనిపిస్తుంది. కొన్ని చవక ఎల్‌సీడీ ప్రొజెక్టర్లు నలుపుని కూడా బూడిద రంగులో వేస్తాయి, అప్పుడు తెర అంతా నలుచదరంగా మెరిసి గుట్టు బయటపడుతుంది. కొనేముందు చీకట్లో నల్ల స్లైడ్ వేయించి చూసుకోండి. చిమ్మచీకటి గదిలో ఇంత చిన్న తెరకి ఇంట్లో వాడే మామూలు ప్రొజెక్టర్ సరిపోతుంది. కాస్త వెలుతురున్న హాలైతే నిజమైన 3000 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుతురు లెక్క) కావాలి, డబ్బా మీద రాసిన ఉత్త ల్యూమెన్ల లెక్క నమ్మకండి.

బొమ్మలు ఒంటరిగా, పెద్దగా, కదులుతూ ఉన్నవి ఎంచుకోండి. దీపం వెలుగు, చేప, సీతాకోకచిలుక, నెమలి ఈక. కదిలే బొమ్మలో మంచు వణుకు తెలియదు, కదలని ఫొటోలో ప్రతి వణుకూ కనిపిస్తుంది. మనుషుల ముఖాలు వద్దు, ముక్కు దగ్గర మంచు మెలిక తిరిగితే చూడబుద్ధి కాదు. తెలుగు అక్షరాలు వేయాలంటే లావు ఫాంట్‌లో, అరచేయంత సైజులో వేయండి. ఒత్తులు, తలకట్లు సన్నగా ఉంటే మంచు మింగేస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. వెలుతురులో చాలా భాగం మంచుని దాటి పోయి, చూసేవాళ్ల వెనక గోడ మీదో పైకప్పు మీదో ఇంకో బొమ్మ వేస్తుంది. పిల్లలు ముందు దాన్నే చూస్తారు. అక్కడ నల్లగుడ్డ కట్టండి.

కమ్యూనిటీ హాల్లో ఆ రాత్రి ఎర్ర చేప వేశాను. ఐదారేళ్ల పాప ఒకతి ముందు వేలు పెట్టింది, చేప తోక ఆమె వేలి మీద ఎర్రగా మెరిసి రెండుగా చీలి మళ్లీ కలిసింది. "అమ్మా, చల్లగా ఉంది, కానీ తడవలేదు" అని చెయ్యి తిప్పి తిప్పి చూపించింది. చుక్కలు అంత చిన్నవి కాబట్టి చెయ్యి క్షణం సేపు పెడితే తడి తెలియదు.

నీళ్లు, కరెంటు, ఊపిరి

బోరు నీళ్లు పోయొద్దు. నేను పోశాను. గంటన్నరలో ప్రొజెక్టర్ లెన్స్ మీద, పక్కనున్న కుర్చీల మీద తెల్లటి పిండి లాంటి పొర పేరుకుంది. నీటిలోని లవణాలన్నీ మంచుతో పాటు ఎగిరి, చుక్క ఆరిపోయాక మిగిలిపోతాయి. అవి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతాయి. ఆర్‌ఓ నీళ్లు వాడండి. డిస్టిల్డ్ వాటర్ పోస్తే కొన్ని మిస్ట్ మేకర్లు అసలు మొదలే కావు, నీళ్లున్నాయో లేదో చూసే సెన్సర్‌కి నీటిలో కాస్త లవణం కావాలి. ఆర్‌ఓ నీటికి మామూలుగా ఆ ఇబ్బంది రాదు.

ఫంక్షన్లలో వాడే పొగ మిషన్ పెడితే ఇంకా చిక్కగా వస్తుందని చాలామంది అడుగుతారు. ఆ పొగ గదిలోనే నిలిచిపోతుంది, పది నిమిషాల తర్వాత తెర ఏదో గది ఏదో తెలియదు. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇబ్బంది కూడా. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మూసిన గదిలో అసలే వద్దు, కార్బన్ డయాక్సైడ్ నేల బారున పేరుకుంటుంది, పిల్లల ముక్కు ఉండే ఎత్తు అదే. లేజర్ పాయింటర్లు జనం వైపు తిప్పకండి.

అడాప్టర్లు బకెట్‌కి దూరంగా, ఎత్తు మీద పెట్టండి. వైరు సాకెట్‌లోకి వెళ్లేముందు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వదలండి. వైరు వెంట నీటి చుక్క జారినా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైన్‌లోనే కనెక్షన్ తీసుకోండి. తెర కింద వెడల్పాటి ట్రే పెట్టి అందులో పాత టవల్ పరవండి. టైల్స్ నేల అరగంటలో జారుడుగా తయారవుతుంది, కనపడదు.

ఆపేటప్పుడు వరస ఇది. ముందు మిస్ట్ మేకర్ ఆపండి, ఫ్యాన్లన్నీ ఇంకో పది నిమిషాలు తిరగనివ్వండి, పెట్టె లోపల ఆరుతుంది. తర్వాత బకెట్‌లో నీళ్లు పారబోయండి. నిలవ నీటిలో పెరిగిన క్రిములన్నీ మర్నాడు మంచుతో పాటు ఊపిరిలోకే పోతాయి. డిస్క్ మీద తెల్లటి మచ్చ కనపడితే గోకొద్దు, కాస్త వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి కడగండి. బకెట్ బోర్లించి, మూత తీసి ఎండలో పెట్టండి.